బర్కాలో మంచు మిషన్

బర్కా, ఒమన్
ఏప్రిల్ 14

పెద్దలు ఖాదర్‌వలి గారికి నమస్కారం.

నేను మీకు తెలియను. నా పేరు రఘుపతి. మాది జగిత్యాల జిల్లా, ధర్మపురి దగ్గర పల్లె. పదకొండేళ్ల కింద ఒమన్ వచ్చాను. మొదట నిజ్వాలో సైట్ మీద సిమెంటు పని చేశాను. ఇప్పుడు ఈ బర్కా ఖర్జూర తోటలో ట్రాక్టర్ నడుపుతాను. మోటార్లు, పంపులు చెడిపోతే నేనే విప్పి బిగిస్తాను.

మీరు కొండల్లో రోడ్లు వేసే దళంలో ఇరవై రెండేళ్లు మెకానిక్‌గా చేశారనీ, ట్రాక్టర్‌కు తగిలించి మంచు తోసే మిషన్ల సంగతి మీకు బాగా తెలుసుననీ ఒకరు చెప్పారు. మీకు చెవులు వినపడవు కాబట్టి ఫోన్ చేసి లాభం లేదట. రాయచోటిలో అంజి జిరాక్స్ షాపుకు ఫోటో తీసి పంపితే అతను కాగితం మీద తీసి మీ చేతికిస్తాడట. అందుకే ఈ ఉత్తరం.

ఒమన్‌లో మంచేమిటని నవ్వుకోకండి. మా అర్బాబ్, అంటే మా యజమాని, పోయిన నెల యూరప్ నుంచి వచ్చిన పాత సామాన్ల వేలానికి పోయి ఒక మంచు మిషన్ కొనుక్కొచ్చాడు. ట్రాక్టర్ వెనక తగిలిస్తే, ఇంజన్ తిప్పే పీటీవో షాఫ్ట్ మీద నడుస్తుంది. ఆరడుగుల వెడల్పు మర అడ్డంగా తిరిగి ముందున్నదాన్ని లోపలికి లాగుతుంది, వెనకనున్న ఫ్యాను దాన్ని గొట్టంలోంచి పక్కకు చిమ్ముతుంది. మెయిన్ రోడ్డు నుంచి తోటకు వచ్చే దారి మీద గాలికి ఇసుక మేటలు వేస్తుంది. ఆ ఇసుకను ఇది చిమ్ముతుందని ఆయన ఆశ. “మంచు తెలుపు, ఇసుక ఎరుపు. ఫరక్ అంతే కదా రఘూ!” అన్నాడు.

మిషన్ పది నిమిషాలు కూడా నడవడం లేదు. షాఫ్ట్ మీదున్న షేర్ బోల్ట్ తెగిపోతోంది. కొత్తది వేస్తే అదీ తెగుతోంది. రెండు రోజుల్లో పద్నాలుగు తెగాయి. నాతో పనిచేసే తౌసీఫ్ ముల్తాన్‌వాడు. “గట్టి బోల్ట్ వేసెయ్ భాయ్, పీడా పోతుంది” అంటున్నాడు. జూన్‌లో ఖర్జూరం కోత మొదలైతే లారీలు లోపలికి రావాలి. ఆలోగా దారి తెరవకపోతే ఇంకో డ్రైవర్‌ను చూసుకుంటానని అర్బాబ్ నవ్వుతూనే అన్నాడు. ఆయన నవ్వుతూ అన్నవే ఎక్కువగా చేస్తాడు.

దయచేసి దారి చెప్పగలరు.

ఇట్లు
రఘుపతి


రాయచోటి
ఏప్రిల్ 18

రఘుపతికి,

నీ కాగితం అందింది. నా గురించి ఎవరు చెప్పారో రాయలేదు. సరే.

చూడకుండా మిషన్‌కు మందు చెప్పడం నాకు అలవాటు లేదు. కాబట్టి ముందు నువ్వు చూసి చెప్పు. బోల్ట్ తల మీద ఏ అంకె ఉంది? తెగిన ముఖం కత్తితో కోసినట్టు నున్నగా ఉందా, పీకినట్టు గరుకుగా ఉందా? బోల్ట్ దూరే రంధ్రం గుండ్రంగానే ఉందా, కోడిగుడ్డులా సాగిందా? సాగిన రంధ్రంలో ఎంత మంచి బోల్టయినా ఊగి ఊగి తెగుతుంది. పీటీవోను ఇంజన్ మెల్లగా ఉన్నప్పుడు కలుపుతున్నావా, రేసు ఇచ్చి కలుపుతున్నావా? రేసులో కలిపితే మొదటి దెబ్బకే సగం ప్రాణం పోతుంది.

షాఫ్ట్ చివర ఒక స్లిప్ క్లచ్ ఉంటుంది. గుండ్రటి పలకలు, వాటిని నొక్కిపట్టే స్ప్రింగులు. బరువు ఎక్కువైనప్పుడు అది జారాలి. జారి బోల్ట్‌ను కాపాడాలి. అది జారుతోందో లేదో తెలుసుకోవడానికి పలకల అంచు మీద అడ్డంగా సుద్దగీత గీయి. పని చేశాక చూడు. గీత చెదిరితే జారినట్టు.

ఒకటి మాత్రం నువ్వు అడక్కుండానే చెబుతున్నా. గట్టి బోల్ట్ వేయొద్దు. షేర్ బోల్ట్ ఉన్నదే తెగడానికి. అది తెగకపోతే తర్వాత తెగేదేదో నీకూ తెలియదు, నాకూ తెలియదు. మెత్త ఇనుముది, తల మీద 4.6 అని ఉన్నది తెచ్చుకో.

ఇసుకలో రాళ్లుంటే మిషన్ కిందున్న రెండు జారుడు కాళ్లను అంగుళం దింపు. అప్పుడు మర నేలను తాకదు.

ఖాదర్‌వలి


బర్కా
ఏప్రిల్ 27

ఖాదర్‌వలి గారికి నమస్కారం.

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. రంధ్రం మీరన్నట్టే సాగి ఉంది. వెల్డింగ్‌తో పూడ్చి మళ్లీ డ్రిల్ చేశాను. జారుడు కాళ్లు దింపాను. పీటీవో ఇప్పుడు మెల్లగానే కలుపుతున్నాను. ఇంతకుముందు రేసులో కలిపేవాణ్ని, ఒప్పుకుంటున్నాను.

మీరు చెప్పిన మెత్త బోల్టే వేశాను. నాలుగు రోజులైంది, ఒక్కటీ తెగలేదు. అర్బాబ్ సంతోషంగా ఉన్నాడు. క్లచ్ మీద సుద్దగీత కూడా కొంచెమైనా చెదరలేదు కాబట్టి క్లచ్ బాగానే ఉన్నట్టు.

ఇసుక మేట మందంగా ఉన్నచోట మాత్రం అప్పుడప్పుడు ట్రాక్టర్ ఇంజనే గుక్కపట్టి ఆగిపోతోంది. డీజిల్ ఫిల్టర్ మార్చాను, ఫలితం లేదు. అదొక్కటి చెబితే ఇక మీకు శ్రమ ఇవ్వను.

మీరు మీ మిషన్‌ను తెల్లెద్దు అనేవారట కదా. ఇది ఎర్రది. తౌసీఫ్ దీనికి పేరు పెట్టమంటే తిట్టు పెట్టాడు.

మీ
రఘుపతి


రాయచోటి
ఏప్రిల్ 30

రఘుపతికి,

ఇది అందగానే మిషన్ ఆపు. మిగతాది తర్వాత చదువు.

ఆపావా? ఇప్పుడు విను. మేట అడ్డం పడి ఇంజనే ఆగిపోయిందంటే, అంత బరువూ షాఫ్ట్ మీదుగానే ఇంజన్ దాకా వచ్చిందన్నమాట. దారిలో క్లచ్ జారలేదు, నీ గీతే సాక్ష్యం. అది బాగుండి జారకపోవడం కాదు, తుప్పుతో పలకలు అంటుకుపోయి జారలేదు. మరి బోల్ట్ ఎందుకు తెగలేదు? మెత్త బోల్టయితే ఇంజన్ ఆగేలోపు పదిసార్లు తెగేది. నువ్వు వేసింది మెత్త బోల్ట్ కాదు. తౌసీఫ్ చెప్పిన బోల్ట్ వేశావు.

నాకు కోపం లేదు. నీ కష్టం నాకు తెలుసు. కానీ ఇక ముందు నాకు రాసేటప్పుడు ఉన్నదే రాయి. నేను నీ మాటను బట్టే కదా చూడగలిగేది.

క్లచ్‌ను వదిలించే పద్ధతి చెబుతున్నా. ముందు స్ప్రింగుల పొడవు కొలిచి రాసుకో. ఏవైనా పూర్తిగా నలిగి ఉంటే పాత యజమాని ఎవడో తోచినట్టు బిగించాడని అర్థం. నట్లు అన్నీ సమానంగా రెండేసి చుట్లు వదులు చెయ్యి. ఇంజన్ మెల్లగా ఉంచి, దగ్గర ఎవర్నీ నిలబెట్టకుండా, పీటీవో కలిపి రెండు మూడు సెకన్లు జారనివ్వు. పొగ వస్తే వెంటనే ఆపు. తుప్పు రాలుతుంది. చల్లారాక మళ్లీ చెయ్యి. తర్వాత నట్లను కొంచెం కొంచెంగా, అన్నిటినీ ఒకే కొలతకు బిగించుకుంటూ రా. మామూలు పనిలో గీత కదలకూడదు, మేట అడ్డం వస్తే కదలాలి. అక్కడ ఆపు.

ఇక ఇంకో సంగతి. తెల్లెద్దు అనే పేరు మా క్యాంపులో ఎవరికీ తెలియదు. అక్కడ దానికి నంబరే పేరు. సెలవు మీద ఇంటికొచ్చినప్పుడు, అన్నం తిననని మొండికేసే ఒక ఆరేళ్ల పిల్లకు కథలు చెబుతూ నేను కల్పించిన పేరు అది.

ఆ పిల్ల నీ తోటలోనే ఉందా?

ఖాదర్‌వలి


బర్కా
మే 5

ఖాదర్‌వలి చాచాకు,

ఇక ఉన్నదే రాస్తాను.

మీ ఉత్తరం నా ఫోన్‌కు వచ్చింది మధ్యాహ్నం. షాఫ్ట్ విరిగింది ఆ పొద్దున. మీరన్నది నిజం, వేసింది గట్టి బోల్టే. ఇసుకలో పాతుకుపోయిన పైపు ముక్క మరలో పడింది. బోల్ట్ తెగలేదు, క్లచ్ జారలేదు. షాఫ్ట్ జాయింట్ కొమ్ము విరిగి, అరచేయంత ఇనప ముక్క ఎగిరి ట్రాక్టర్ మడ్‌గార్డ్‌ను చీల్చుకుంటూ పోయింది. తౌసీఫ్ రోజూ కూర్చునేది ఆ మడ్‌గార్డ్ మీదే. ఆ నిమిషానికి దిగి నీళ్ల క్యాన్ దగ్గరికి పోయాడు కాబట్టి బతికాడు. వచ్చి ఆ చీలికలో వేళ్లు పెట్టి చూశాడు. తర్వాత “భాయ్, ఆ బోల్ట్ వేయమని చెప్పింది నేనే కదా” అన్నాడు. “చెప్పింది నువ్వు, వేసింది నేను” అన్నాను.

అర్బాబ్‌తో షాఫ్ట్ పాతదని చెబితే నమ్మేవాడే. నోటి దాకా వచ్చింది ఆ మాట. కానీ మీ ఉత్తరం జేబులో ఉంది. తప్పు నాదేనని చెప్పాను. ఆయన మడ్‌గార్డ్ చూసి తౌసీఫ్‌ను పిలిచి తల నిమిరాడు. నాతో మాట్లాడలేదు. మర్నాడు మాత్రం ఇంకో షాఫ్ట్ తెప్పించాడు. మీరు చెప్పినట్టే క్లచ్ వదిలించాను. స్ప్రింగులు నాలుగూ నలిగే ఉన్నాయి. ఇప్పుడు మెత్త బోల్ట్, జారే క్లచ్. మేట తగిలితే గీత చెదురుతోంది.

మీరడిగిన పిల్ల ఇక్కడే ఉంది. అర్బాబ్ ఇంట్లో వంట చేస్తుంది. నేను బోల్టులతో తల బాదుకుంటుంటే చాయ్ ఇస్తూ చూసి, మీ సంగతి ఆమే చెప్పింది. తన పేరు రాయొద్దని ఒట్టు వేయించుకుంది. మీరు గుర్తుపట్టారని నిన్న చెప్పాను. కడుగుతున్న గిన్నె అట్లే పట్టుకుని నిలబడిపోయింది.

“తెల్లెద్దు అని రాసినావా అన్నా? ఎందుకు రాస్తివి?”

“నాకేం ఎరుక చెల్లె, నువ్వే చెప్తివి గద.”

“సరే. ఇంగేం రాసినాడు?”

తోటలోనే ఉందా అని అడిగారని చెప్పాను. ఆమె గిన్నె కడిగి బోర్లించి, “యాడుండానో అడిగినాడు గానీ, ఎట్లుండానో అడగల్యా” అంది.

ఆమె అన్నది అన్నట్టు రాశాను. తప్పయితే క్షమించండి.

రఘుపతి


రాయచోటి
మే 10

రఘుపతికి దీవెనలు.

తౌసీఫ్ క్షేమంగా ఉన్నందుకు నిన్న నమాజులో రెండు రకాతులు ఎక్కువ చదివాను. అర్బాబ్‌తో నిజం చెప్పావు. అది నీకు తేలికైన పని కాదని తెలుసు.

మిషన్ సంగతి ముందు. నువ్వెంత బాగు చేసినా అది ఇసుక మిషన్ కాదు. ఇసుక మంచుకు నాలుగైదు రెట్లు బరువు, పైగా ఇనుమును తినేస్తుంది. జానెడు లోపు పల్చటి పొర అయితే మెల్లగా చిమ్ముతుంది. మోకాలెత్తు మేటలు దానితో కావు. ఈ మాట అర్బాబ్‌కు చెప్పు. ఇంకో మాట కూడా చెప్పు. కొండల్లో మేం మంచును తోయడం సగం పనే. రోడ్డు మీదికి రాకుండా ఆపడం మిగతా సగం. గాలి వచ్చే వైపు, రోడ్డుకు వంద అడుగుల అవతల, ఛాతీ ఎత్తున చెక్కల తడికె కట్టేవాళ్లం. తడికెలో సగం సందులుండాలి, కింద జానెడు ఖాళీ ఉండాలి. గోడలా మూసేస్తే పనికిరాదు. గాలి సందుల్లోంచి వస్తూ నీరసించి, మోసుకొచ్చిందాన్ని అక్కడే దించేస్తుంది. మీ తోటలో ఖర్జూర మట్టలకు కొదవ లేదు కదా.

షబానా ఎట్లుందని అడుగుతున్నాను.

నీకు సంగతి తెలియాలి. ఐదేళ్ల కింద ఆమె మొగుడు అబూబకర్ దగ్గరి నుంచి వచ్చేసింది. కొడతాడని చెప్పింది. అతను నా ముందు చేతులు కట్టుకుని నిలబడే మనిషి. అతన్నే నమ్మాను. మసీదు ఆవరణలో పెద్దలందరి ముందు “తప్పు నా కూతురిదే, సంసారం చేసే బుద్ధి లేదు, వారంలో తిరిగి పంపుతాను” అని చెప్పి కాగితం మీద సంతకం చేశాను. ఆ వారంలోనే ఆమె ఏజెంటును పట్టుకుని ఒమన్ వెళ్లిపోయింది. నా పరువు తీసిందని, గడప తొక్కొద్దని అన్నాను. వాళ్లమ్మ మహబూబీ ఫోన్లో మాట్లాడుతుంది. నేను చెవుడును సాకు చేసుకున్నాను.

రెండేళ్ల కింద అబూబకర్ రెండో భార్య చెయ్యి విరిగి ఆసుపత్రికి వచ్చింది. మహబూబీకి తోడుగా పోయి నా కళ్లతో చూశాను. ఆ రోజు నుంచీ నా తప్పు నాకు తెలుసు. ఆ మాట ఎవరితోనూ అనలేదు. నాయన తప్పు చేసినాడని ఆమెకు చెప్పు.

ఖాదర్‌వలి


బర్కా
మే 17

చాచాకు నమస్కారం.

మిషన్ గురించి మీరు చెప్పిన మాట అర్బాబ్‌కు చెప్పడానికి మూడు రోజులు ధైర్యం చాలలేదు. చివరికి మజ్లిస్‌లో, అంటే అతిథుల గదిలో, ఆయన, ఆయన తండ్రి కాఫీ తాగుతుంటే చెప్పాను. అర్బాబ్ ముఖం మాడింది. మట్టల తడికె మాట వినగానే ముసలాయన కర్ర నేల మీద కొట్టి కొడుకుతో అరబ్బీలో ఏదో గట్టిగా అన్నాడు. నేను నా పని అయిపోయిందనుకున్నా. తర్వాత అర్బాబే చెప్పాడు: “మా తాత ఇదే చేసేవాడట. నేను మరిచిపోయానట. ఒక హిందీ గుర్తు చేయాల్సి వచ్చిందని తిడుతున్నాడు.” హిందీ అంటే ఇక్కడ ఇండియావాడు. రేపటి నుంచి తడికె పని.

మీ మాట షబానాకు చెప్పలేదు, కాగితమే ఇచ్చాను. ఆమె చదువుకుంది. చదివి మడిచి నా చేతికే ఇచ్చింది. ఏడవలేదు. నాకైతే అక్కడ నిలబడటం కష్టమైంది.

“ఎట్లుండానని అడిగినాడు కదా, బాగుండానని రాయన్నా. ఇంటామె మంచిది. జీతం టయానికి ఇస్తాది. పాస్‌పోర్టు నా దగ్గరే ఉంది. మోకాళ్లు నొస్తాయి, అంతే.”

“మరి ఇంటికి?”

“అన్నా, ఆయప్ప నన్ను తిట్టింటే, కొట్టింటే, అది ఇంట్లో సంగతి. ఇంట్లోనే తీరిపోతుండె. ఆయప్ప ఊరంతా ఇనేటట్టు చెప్పినాడు, తప్పు నాదని. ఇప్పుడు కూడా మా అమ్మ బజారుకు పోతే ఆ మాటే అంటారు. ఊరంతా ఇన్న మాటకు నీ చెవిలో చెప్తే ఎట్లన్నా? యాడ చెప్పినాడో ఆడనే, ఎవరి ముందర చెప్పినాడో వాళ్ల ముందరే చెప్పమను. చెప్తే వస్తా. చెప్పకపోతే కోపం ఏమీ లేదు, ఈడనే ఉంటా.”

చాచా, నేను పరాయివాణ్ని. ఈ వయసులో మీకు ఇలాంటి మాట మోసుకురావడం నాకు ఇష్టం లేదు. కానీ ఉన్నదే రాయమన్నారు.

రఘుపతి


బర్కా
జూన్ 4

చాచాకు,

మూడు వారాలు కావస్తోంది, మీ నుంచి కాగితం లేదు. అంజికి మెసేజ్ పెడితే మీరు షాపుకే రావడం లేదన్నాడు. ఒంట్లో బాగుందా? నా ఉత్తరం మీ మనసు నొప్పిస్తే చెప్పండి.

తడికె అయిపోయింది. మట్టలు మేం కొడితే, సాయంత్రాలు షబానా కూడా వచ్చి తాళ్లతో అల్లింది. పోయిన వారం రెండు రోజులు పెద్ద గాలి. మూడో రోజు చూస్తే తడికె వెనక నడుమెత్తు మేట. దారి మీద మాత్రం బెత్తెడు పొర. ఎర్ర మిషన్ ఆ పొరను గంటన్నరలో చిమ్మేసింది. ఒకసారి రాయి పడి బోల్ట్ తెగింది. ఐదు నిమిషాల్లో కొత్తది వేశాను. అర్బాబ్ ట్రాక్టర్ పక్కనే నడుస్తూ ఇసుక ఎగిరి పడుతుంటే చప్పట్లు కొట్టాడు. ఇప్పుడు ఇంకో డ్రైవర్ మాట ఎత్తడం లేదు. మొదటి లారీ సోమవారం వస్తుంది.

షబానా ఏమీ అడగడం లేదు. చాయ్‌కు పోయినప్పుడు మాత్రం నా ముఖం చూడదు, నా చేతిలో ఫోన్ వైపు చూస్తుంది.

రఘుపతి


రాయచోటి
జూన్ 14

రఘుపతికి దీవెనలు.

ఒంట్లో బాగానే ఉంది. మనసు నొప్పించావా అంటే, నొప్పించావు. అది అవసరమే.

నాలుగు వారాలు ఇంట్లోనే కూర్చున్నాను. మంచులో రోడ్డు తెగిపోయి ఇరవై రోజులు క్యాంపులో ఇరుక్కున్నప్పుడు కూడా ఇంత కష్టంగా లేదు. ఒక రోజు ఆమె అడిగింది అన్యాయమని అనిపించేది. ఇంకో రోజు, నేను వాళ్ల ముందు ఆ మాట అనడానికి ఒక నిమిషమైనా ఆలోచించానా అనిపించేది. మహబూబీకి నీ కాగితం చూపించాను. చదివి, “ఐదేండ్లు బజార్లో మొగం దించుకుని నడిచింది నేను. నువ్వు కాదు” అని కాగితం మీద రాసి ఇచ్చింది. నాతో మాట్లాడాలంటే అలాగే రాస్తుంది.

నిన్న శుక్రవారం. నమాజు అయ్యాక మసీదు ఆవరణలో పెద్దల దగ్గరికి పోయాను. జనం ఉన్నారు. అబూబకర్ చిన్నాయన కూడా ఉన్నాడు. ఐదేళ్ల కింద ఇక్కడ నా కూతురి మీద నేను చెప్పింది అబద్ధమని, తెలియక చెప్పినా అబద్ధమేనని చెప్పాను. ఆమె దెబ్బలు తిని వచ్చిందని, నేను నమ్మలేదని, నా సంతకం వెనక్కి తీసుకుంటున్నానని చెప్పాను. నా గొంతు ఎంత గట్టిగా ఉందో నాకు తెలియదు. వీధిలోకి కూడా వినపడిందని అంజి తర్వాత రాసి చూపించాడు.

అబూబకర్ చిన్నాయన లేచి చేతులూపుతూ ఏదో అన్నాడు. పెద్దాయన ఏదో అన్నాడు. ఒకరిద్దరు వచ్చి నా భుజం పట్టుకున్నారు. ఎవరేమన్నారో నాకొక్క ముక్క వినపడలేదు. చెవుడు నాకు మేలు చేసింది ఈ ఒక్కసారే.

ఇంటికొచ్చేసరికి మహబూబీ గుమ్మంలో ఉంది. మాట నాకన్నా ముందే చేరింది.

షబానాకు ఈ కాగితం ఇవ్వు.

ఖాదర్‌వలి


బర్కా
జూన్ 16

చాచాకు నమస్కారం.

నిన్న మీ కాగితం ప్రింట్ తీయించి ఇచ్చాను. ఫోన్లో కాదు, షబానా చేతిలో పెట్టుకుని చదువుకోవాలని నాకనిపించింది. ఆమె రొట్టెలు చేస్తోంది. చేతులకు పిండి. నన్నే చదవమంది. చదివాను. మహబూబమ్మ రాసిన మాట దగ్గర ఒక్కసారి ఆపమంది. తర్వాత మళ్లీ చదవమంది.

అంతా అయ్యాక పెనం మీద రొట్టె మాడుతుంటే నేనే తిప్పాను. ఆమె గోడ వైపు తిరిగి ఉంది. భుజాలు కదులుతున్నాయి. నేను బయటికి పోదామనుకునేలోపు కొంగుతో ముఖం తుడుచుకుని ఇటు తిరిగింది.

“అన్నా, ఒక్కటి అడిగి రాయి. నాయన నిలబడి చెప్పినాడా, కూచోని చెప్పినాడా? ఆ దినం నన్ను అన్నప్పుడు నిలబడే అన్నాడు.”

నాకు తెలియదన్నాను. అడుగుతానన్నాను. రాత్రి ఇంటామెతో సెలవు సంగతి మాట్లాడిందని తౌసీఫ్ చెప్పాడు.

రఘుపతి


రాయచోటి
జూన్ 17

షబానాకు,

నిలబడే చెప్పినాను. పెద్దాయన కూచోమని చెయ్యి చూపించినాడు. కూచోలేదు. మాట అయిపోయినాక కూడా కూచోలేదు, అట్లే నడుచుకుంటా ఇంటికి వచ్చినాను.

ఏ దినం వస్తావో మీ అమ్మకు ఫోన్లో చెప్పు. బస్టాండుకు నేనే వస్తా. అందరూ చూసేటట్టు పగటి బస్సుకు రా.

మీ నాయన